మన నాలుకను కొలిచిన చరిత్ర



పోయిన వారం మా హాస్టల్ మెస్‌లో క్యాబేజీ కూర వండారు. మా గదిలో నలుగురం. ఇద్దరం ప్లేటు ఖాళీ చేశాం, ఇద్దరం చేదుగా ఉందని పక్కన పెట్టేశాం. ఈ సంగతి విని కాలేజీలో ఒక క్లాస్‌మేట్ "మీ అడవోళ్లకి రుచులు ఎక్కడ తెలుస్తాయిలే, ఏది పెట్టినా తింటారు" అని నవ్వాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. అందుకే లైబ్రరీలో కూర్చుని చదివాం. తెలిసింది మీకూ చెబుతున్నాం.

1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ల్యాబ్‌లో ఆర్థర్ ఫాక్స్ అనే కెమిస్ట్ పీటీసీ అనే పొడిని సీసాలో పోస్తున్నాడు. పొడి గాల్లోకి లేచింది. దగ్గర్లో ఉన్న నోలర్ అనే ఇంకో కెమిస్ట్ "అబ్బ, చేదు" అన్నాడు. ఫాక్స్‌కి మాత్రం ఏమీ తెలియలేదు. ఇద్దరూ వాదించుకుని నాలుక మీద వేసుకుని చూశారు. ఒకరికి చేదు, ఒకరికి ఏ రుచీ లేదు. ఆ వెంటనే బ్లేక్స్‌లీ, స్నైడర్ లాంటి శాస్త్రవేత్తలు కుటుంబాల్ని పరీక్షించి, ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుందని తేల్చారు.

ఆ తర్వాత ఈ పొడి ప్రపంచమంతా తిరిగింది. బ్లడ్ గ్రూపుల్లాగే మనుషుల్ని జాతుల వారీగా లెక్కగట్టడానికి ఆంత్రోపాలజిస్టులు దీన్ని వాడారు. మన దేశంలో ఆదివాసీ గూడేలకూ వచ్చారు. ఎంతమందికి చేదు తెలుస్తుంది, ఎంతమందికి తెలియదు అని రాసుకుని వెళ్లారు. మన తాతల నాలుకలు పట్టికల్లో శాతాలు అయ్యాయి.

కానీ ఆ లెక్కలు చెప్పింది ఏంటి? దాదాపు ఏ జనంలో చూసినా రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద పది మందిలో సుమారు ఏడుగురికి పీటీసీ చేదు తెలుస్తుంది. జనాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది, అంతే. 2003లో దీనికి కారణమైన జన్యువును ఏడో క్రోమోజోమ్ మీద కనిపెట్టారు. దాని పేరు టాస్2ఆర్38. క్యాబేజీ, ఆవాల జాతి మొక్కల్లోని చేదు పదార్థాలు కొన్ని పీటీసీకి దగ్గరివే. మా గదిలో ఇద్దరూ ఇద్దరూ విడిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పట్నం పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టినా ఇలాగే విడిపోవచ్చు. అడవి నాలుక, పట్నం నాలుక అని వేరే లేవు.

అయితే జన్యువే అంతా కాదు. చేదును పసిగట్టే జన్యువులు మనిషిలో 25 దాకా ఉన్నాయి. కాకరకాయ చేదు వేరు, క్యాబేజీ చేదు వేరు. పైగా చిన్నప్పటి నుంచి ఇంట్లో ఏం తిన్నాం అన్నది కూడా ఇష్టాన్ని తయారుచేస్తుంది.

ఇంకో సంగతి. మొక్కల్లో చాలా విషాలు చేదుగా ఉంటాయి. మన పెద్దలకి చేదు తెలియకపోతే ఈ రోజు మనం ఉండేవాళ్లమే కాదు. చేదు దుంపల్ని సన్నగా తరిగి, ఉడకబెట్టి, బుట్టలో పెట్టి పారే వాగులో ఉంచి విరగదీశారు. మామిడి టెంక జీడిని నానబెట్టి చేదు పోగొట్టి అంబలి కాచారు. కొండరెడ్లు జీలుగు మాను గుజ్జు నుంచి పిండి తీసి కరువు రోజులు దాటారు. రుచి తెలియనోళ్లు చేసే పనా ఇది? ఏ చేదు తినొచ్చు, ఏ చేదు ప్రాణం తీస్తుంది అని తెలిసినోళ్ల పని.

ఒక నిజం ఒప్పుకోవాలి. మా నలుగురిలో ఒక్కరికీ దుంప చేదు తీయడం పూర్తిగా రాదు. చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకు వచ్చాం, అన్నం సాంబారుతో పెరిగాం. నాలుక జన్యువు అమ్మానాన్నల నుంచి అడక్కుండానే వచ్చింది. ఈ విద్య అలా రాదు. పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

అందుకే సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అవ్వని అడగండి. ఎన్ని నీళ్లు, ఎన్ని రాత్రులు, ఏ దుంప ముట్టుకోకూడదు, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. మేమూ రాస్తాం. ఆ క్లాస్‌మేట్‌కి మా జవాబు అదే.

జై ఆదివాసీ.