కొత్త తినే ముందు ఎదురుచూపు: ఆగమన కాలం చరిత్ర

మన కొండల్లో కొత్త పండుగ చేయకుండా కొత్త పంట నోట పెట్టుకోరు. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా మామిడి కొత్త అయ్యేదాకా పెద్దవాళ్ళు ముట్టనివ్వరు. చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడుకాయ కూరలోకి రాదు. చిన్నప్పుడు అది మనకు అడ్డంకిలా కనిపించింది. పెద్దయ్యాక దాని అర్థం తెలిసింది. పంట మన ఒక్కరి సొత్తు కాదు, ముందు ఇచ్చినవాళ్ళకు చూపించాలి, ఊరంతా కలిసి తినాలి. అంతవరకు ఆగడం కూడా పండుగలో భాగమే.

క్రైస్తవ సంఘంలో క్రిస్మస్‌కు ముందు ఇలా ఆగే రోజులకు ఆగమన కాలం అని పేరు. కథోలిక కుటుంబాల్లో పుట్టిన మన పిల్లలకు క్రిస్మస్ తెలుసు, సెమీ క్రిస్మస్ తెలుసు, ఇంటి ముందు కట్టే నక్షత్రం తెలుసు. ఆదివారం సత్యోపదేశం తరగతిలో ఆగమన కాలం అంటే ఏమిటని అడిగితే, "స్వాములు ఊదా రంగు బట్టలు వేసుకునే రోజులు సార్" అన్నాడు ఒక అబ్బాయి. జవాబు తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట్లో ఎలా ఉండేది

లాటిన్ భాషలో 'అద్వెంతుస్' అంటే రాక. చక్రవర్తి ఒక పట్టణానికి వచ్చినప్పుడు చేసే స్వాగతానికి కూడా రోమీయులు ఆ మాటే వాడేవారు. క్రైస్తవులు ఆ మాటను తీసుకుని పశువుల తొట్టిలో పడుకున్న బిడ్డ రాకకు పెట్టారు. రాజులకు వాడే మాటను పేదింటి బిడ్డకు వాడటం చిన్న సంగతి కాదు.

ఈ కాలానికి మొదటి జాడ స్పెయిన్‌లో కనిపిస్తుంది. సుమారు 380లో సరగోసా పట్టణంలో పీఠాధిపతుల సభ జరిగింది. డిసెంబర్ 17 నుంచి జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా, 21 రోజులు, ఎవరూ గుడికి రాకుండా ఉండకూడదని ఆ సభ నియమం పెట్టింది. ఇళ్ళలో దాక్కోకూడదు, పల్లెల్లోని తోటల్లో కూర్చోకూడదు, కొండలకు వెళ్ళకూడదు, వట్టి కాళ్ళతో తిరగకూడదు. జనం వేరే బోధ వెంట విడిగా గుమికూడతారేమో అన్న భయం దాని వెనుక ఉంది. కొండలకు వెళ్ళవద్దన్న మాట చదివినప్పుడు కొండల్లోనే పుట్టిన నాకు నవ్వు వచ్చింది. అయినా అందులో మనకు పనికొచ్చే మాట ఒకటి ఉంది: ఈ రోజుల్లో ఎవరికి వారు విడిపోకండి, ఒకచోట కూడండి.

తర్వాతి జాడ గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్స్‌లో ఉంది. 5వ శతాబ్దంలో తూర్ పట్టణపు పీఠాధిపతి పెర్పెతూయుస్, నవంబర్ 11న వచ్చే పునీత మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని ఏర్పాటు చేశాడు. 6వ శతాబ్దంలో మాకోన్ సభ ఆ మూడు రోజులు సోమ, బుధ, శుక్రవారాలని చెప్పింది. ఐరోపా పల్లెల్లో మార్టిన్ పండుగ అంటే పొలం పనులు ముగిసే రోజు. గాదెలు నిండుతాయి, కొత్త ద్రాక్షరసం రుచి చూస్తారు, చలికాలానికి పశువులను కోసుకుంటారు. ఇంట్లో తిండి నిండుగా ఉన్న సమయంలోనే సంఘం వాళ్ళను కాస్త ఆగమంది. తిండి లేని రోజుల్లో ఉపవాసం చెప్పడానికి ఎవరూ అక్కరలేదు, అది మనవాళ్ళకు బాగా తెలుసు.

రోములో పోపు మొదటి గ్రెగొరీ (590–604) కాలానికి నాలుగు ఆదివారాల పద్ధతి కుదిరింది. ఇప్పుడూ అదే నడుస్తోంది. నవంబర్ 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో ఆగమన కాలం మొదలవుతుంది. అందుకే ఒక్కో ఏడు 22 రోజులు, ఒక్కో ఏడు 28 రోజుల దాకా ఉంటుంది. రెండవ వాటికన్ మహాసభ తర్వాత 1969లో వచ్చిన పూజా సంవత్సర నియమాలు దీన్ని భక్తితో, సంతోషంతో ఎదురుచూసే కాలంగా చెప్పాయి. డిసెంబర్ 16 వరకు ప్రభువు రెండవ రాకడ వైపు, 17 నుంచి 24 వరకు ఆయన పుట్టుక వైపు మనసు నిలుపుతారు. పూజలో మహిమ గీతం పాడరు, కానీ అల్లెలూయా మానరు. మూడవ ఆదివారం ఊదా రంగు బదులు గులాబీ రంగు బట్టలు వేసుకోవచ్చు. సంతోషం దగ్గరపడిందని దానికి గుర్తు.

పని మానకుండా ప్రార్థన

"పంట రోజుల్లో ప్రార్థనకు తీరిక ఎక్కడిది?" అని మన ఇళ్ళలో అంటారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. జర్మనీ, ఆస్ట్రియా, పోలండ్ పల్లెల్లో ఆగమన కాలంలో తెల్లవారకముందే కొవ్వొత్తుల వెలుగులో మరియమాత పేర పూజ జరిగేది. జనం చీకట్లో దీపాలు పట్టుకుని వచ్చి, పూజ అయ్యాక పనికి వెళ్ళేవారు. ఫిలిప్పీన్స్‌లో ఇప్పటికీ డిసెంబర్ 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు కోడి కూసే వేళకు పూజ చేస్తారు. పొలానికి వెళ్ళే రైతుల కోసమే ఆ వేళ పెట్టారని అక్కడివాళ్ళు చెబుతారు.

ఈ విషయంలో మన ప్రాంతానికి నేరుగా సంబంధమున్న పేరు ఒకటి ఉంది. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ అనే పీఠాధిపతి 1609లో భక్తి జీవితం గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. అది మఠాల్లో ఉండేవాళ్ళ కోసం రాసింది కాదు, సంసారం చేసుకునేవాళ్ళ కోసం రాసింది. చేతిపనివాడు సన్యాసిలా రోజంతా గుడిలోనే కూర్చుంటే అది సరైన భక్తి కాదని, ఎవరి పనికి, ఎవరి బలానికి తగిన భక్తి వారిదని అందులో చెప్పాడు. పని మధ్యలో చిన్న చిన్న మాటలతో దేవుణ్ణి తలచుకోమన్నాడు. ఆయన పేరు పెట్టుకున్న సభకు చెందిన గురువులు నేటి ఫ్రాన్స్‌లోని అన్సీ పట్టణం నుంచి బయలుదేరి 1846లో విశాఖపట్నం చేరారు. ఉత్తరాంధ్రలో కథోలిక సంఘం పెరగడంలో వాళ్ళ పని చాలా ఉంది. కాబట్టి పని చేస్తూ ప్రార్థించడమన్నది మనకు వారసత్వంగా వచ్చిందే.

బండి చక్రం మీద కొవ్వొత్తులు

నాలుగు కొవ్వొత్తుల ఆగమన చక్రం చాలా పాతదని అనుకుంటాం. అది 1839 నాటిది. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాస్టరు పేద పిల్లలకు ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఆయన ఒక బండి చక్రం తీసుకుని దానిమీద పనిరోజులకు 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు పెట్టాడు. రోజుకొకటి వెలిగిస్తూ పిల్లలకు లెక్క కూడా నేర్పాడు. కథోలిక గుడుల్లోకి ఈ చక్రం 20వ శతాబ్దంలోనే వచ్చింది. కొలోన్ పట్టణంలో 1925లో దాన్ని వేలాడదీశారు. మేము కథోలికులం, మీరు లూథరన్లు, వాళ్ళు బాప్టిస్టులు అని ఒకే ఊళ్ళో గీతలు గీసుకునే మనం ఈ చక్రం కథ గుర్తుపెట్టుకోవాలి.

మన ఇళ్ళలో

నవంబర్, డిసెంబర్ నెలల్లో మన మన్యంలో వరి కోతలు, కళ్ళాల పనులు, కాఫీ పండ్ల ఏరివేత, వారపు సంత అన్నీ ఒకేసారి వస్తాయి. దానికి తోడు ఇప్పుడు డిసెంబర్ మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, స్టేజీలు, సౌండ్ బాక్సులు, కేకులు. 25వ తేదీ వచ్చేసరికి అందరూ అలసిపోతున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పక్కింటివాళ్ళకు తగ్గకూడదని బట్టలకు, విందుకు అప్పు చేస్తున్నాం. జనవరిలో ఆ అప్పుకు కళ్ళంలోని ధాన్యం, బస్తాల్లోని కాఫీ తక్కువ ధరకు వెళ్ళిపోతున్నాయి. అప్పుల వల్లనే మన పెద్దలు భూములు పోగొట్టుకున్నారు. భూమి నిలవడానికి 1/70 చట్టం ఉంది. పండుగ పేరుతో మన చేతులతో మనమే ఇచ్చేసే పంటను ఏ చట్టం కాపాడుతుంది?

ఆగమన కాలం ఇక్కడే మనకు అక్కరకొస్తుంది. దీనికి ఖర్చు లేదు. మా ఇంట్లో ఒక చేటలో కొత్త వడ్లు పోసి, మధ్యలో నాలుగు మామూలు కొవ్వొత్తులు నిలబెడతాం. రాత్రి అన్నం ముందు అందరికంటే చిన్నవాడు వెలిగిస్తాడు. లూకా సువార్త మొదటి అధ్యాయంలోంచి నాలుగైదు వచనాలు చదువుతాం. మరియమ్మ తొందరగా నడిచి కొండసీమలో ఉన్న ఎలిసబేతమ్మ ఇంటికి వెళ్ళిన భాగం వచ్చినప్పుడు మా అమ్మ ముఖం వెలుగుతుంది. ఆమె జపమాల తెలుగులోనే చెబుతుంది, ఆ దీపం ముందు మాత్రం మా భాషలో మాట్లాడుతుంది. రోజూ వంటకు తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు వేరే కుండలో వేస్తాం. క్రిస్మస్ ముందురోజు ఆ బియ్యం ఊళ్ళో ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఇంటికి వెళుతుంది. ఆలోపు ఎవరితో మాటలు లేవో వాళ్ళతో మాట్లాడి, గుడికి వెళ్ళి పాపసంకీర్తనం చేస్తాం. అన్నీ చెప్పినంత సాఫీగా జరగవు. కళ్ళంలో పొద్దుపోయిన రోజు ఒక్క పరలోక జపంతోనే ముగుస్తుంది.

కొత్త పండుగను క్రిస్మస్ పక్కన పెట్టి మాట్లాడితే రెండు వైపులా కొందరికి నచ్చదని తెలుసు. రెండూ ఒకటే అని నేను అనడం లేదు. ఆగి, పంచుకుని, అప్పుడు తినే అలవాటు మనకు ముందే ఉందని, ఆగమన కాలం కూడా అదే కోరుతుందని మాత్రం అంటున్నాను.

తోటి ఉపాధ్యాయులకు, యువతకు ఒక మనవి. ఈ డిసెంబర్‌లో మీ ఊరి పెద్దల దగ్గర కూర్చుని, కొత్త తినేముందు ఎన్ని రోజులు ఆగేవారో, ఆ రోజుల్లో ఏం చేసేవారో అడిగి రాసిపెట్టండి. మొదటి కొవ్వొత్తి వెలిగించిన రాత్రి ఆ రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.