కోట ఏదిరా?

సికింద్రాబాద్‌కు చెప్పుకోదగ్గ కోట లేదు. మా ఊరు పుట్టిందే దండు కోసం. 1798 ఒప్పందంతో వచ్చిన కుంఫిణీ పటాలం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేసుకుంది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి పేరొచ్చింది. ఉన్న ఒక్క బురుజుల కట్టడం తిరుమలగిరిలోని పాత మిలిటరీ జైలు. 1858 నాటిది. ఇంగ్లాండ్‌లోని విండ్సర్ కోటను పోలి ఉంటుందని దాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. రాణిగారి ఇంటి నమూనాలో సిపాయిలకు ఖైదుకొట్లు కట్టిన ఊరు మాది! అందుకని ఇంటికొచ్చినవాళ్లకు పాత కోట చూపించాలంటే పొద్దు పొడవకముందే కారు తీసి తూర్పుకు పోవాల్సిందే. గోల్కొండ ఉందిగా అంటారు. ఉంది. కానీ అక్కడ చప్పట్లు కొట్టించే గైడు ముందు నా మాట ఎవరు వింటారు?

ఈమధ్య వచ్చినవాళ్లిద్దరూ పాత క్లాస్‌మేట్లు. ఒకడిది గుంటూరు. కొండవీటి రెడ్డిరాజులు తన మేనమామలే అన్నట్టు మాట్లాడతాడు. రెండోవాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడ్డాడు. ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ రైన్ నది లోయ వెంట తిప్పి, అక్కడి కోటల చరిత్ర చెప్పి చెప్పి అలిసిపోయినవాడు. ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాం. భువనగిరి ఇంకా రాకముందే దాని గుట్ట వచ్చేసింది.

భువనగిరి కోటను వెతుక్కోనక్కర్లేదు. కాజీపేట లైన్లో రైలెక్కిన ప్రతివాడూ కిటికీలోంచి చూసినదే. చదునైన నేల మీద 500 అడుగులకు పైగా లేచిన ఒకే ఒక్క బండ. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడు, 1076 నుంచి 1126 దాకా ఏలినవాడు, ఈ కోట కట్టించాడంటారు. కట్టించడానికి ఆయనకు పెద్దగా పని మిగల్లేదు. గోడలో ముప్పాతిక భాగం దేవుడే కట్టి ఉంచాడు. ఎక్కడానికి వీలున్న చోట దర్వాజాలు పెట్టి, పైన వాన నీళ్లు నిలిచే గుంటలను కాపాడుకుంటే చాలు. శిఖరం మీది బారాదరి తరవాతి కాలపు పాలకులది. ఇక్కణ్నుంచి గోల్కొండకు సొరంగం ఉందని కింద టీకొట్టు ఆయన చెప్పాడు. తెలంగాణలో ఏ కోటకు పోయినా ఈ మాట వింటాం. ఆ సొరంగాలన్నీ నిజమైతే ఈపాటికి సగం తెలంగాణ కుంగిపోయేది.

ఈ బండ మీద నాకు గౌరవం రాజుల వల్ల కాదు. తాళ్లెక్కే గౌడుల ఇంట పుట్టిన సర్వాయి పాపన్న మొగలుల మీద లేచి, 1708లో ముందు వరంగల్‌ను, తరవాత ఈ భువనగిరిని కొట్టాడు. రెండింటికీ పండగ దినాలే ఎంచుకున్నాడు: వరంగల్‌కు మొహర్రం పదో రోజు, భువనగిరికి మీలాద్. కావలివాళ్ల చూపు ఊరేగింపుల మీద ఉండే రోజులన్నమాట. 1710లో ఆయన్ను పట్టుకుని చంపారు. మొన్నమొన్న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు పిల్ల మాలావత్ పూర్ణ ఈ బండనే పట్టుకుని ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ మీద నిలబడింది. ముందు ఆమెతో కొండలెక్కించింది ఈ గుండే.

భువనగిరి చూపించడం తేలిక. రాచకొండ అలా కాదు.

దక్షిణానికి తిరిగి, చౌటుప్పల్ దాటి, సంస్థాన్ నారాయణపురం వైపు పోతుంటే గుట్టలు ఒక్కొక్కటే దగ్గరికి జరుగుతాయి. వానాకాలం చివర కనక ఎటు చూసినా పచ్చగా ఉంది, మధ్యమధ్య తంగేడు పూలు. తండాల దగ్గర లంబాడీ ఆడవాళ్లు సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చున్నారు. రాచకొండ సీతాఫలం రుచి మీద నేను వాదన ఒప్పుకోను. కారు ఆపి, ముళ్లపొదల నడుమ కాలిబాటన చాలాసేపు నడిచాం. ఒక రాతి ద్వారం దాటాం, ఇంకోటి దాటాం. గుంటూరువాడు ఆగి, చెమట తుడుచుకుని అడిగాడు:

"ఏరా, ఇంతకీ కోట ఏదిరా?"

"ఇప్పటిదాంక నడిచింది కోటలనే కదరా!"

ఇక్కడికి తెచ్చిన ప్రతివాళ్లూ ఇదే అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. కోటంటే కొండ కొమ్మున కనిపించాలని మన సినిమాలు నేర్పాయి. రాచకొండలో కొండలే కోటగోడలు. ఎక్కడ రెండు గుట్టల మధ్య సందుందో అక్కడ మాత్రం రాయి మీద రాయి పేర్చి మూసేశారు. సున్నం లేదు, గచ్చు లేదు. మనిషికన్నా పెద్ద రాళ్లు తమ బరువుతో తామే నిలబడి ఆరున్నర శతాబ్దాలు దాటాయి. ద్వారాలకు ఒకే రాతి నిలువు కంబాలు, వాటి మీద ఒకే రాతి అడ్డదూలం. పని చూస్తే కాకతీయుల శిల్పుల శిష్యులే అనిపిస్తుంది. లోపలి లోయ ఊరు. గుళ్లు, బావులు, చెరువులు అన్నీ ఆ గిన్నెలోనే.

ఫ్రాంక్‌ఫర్ట్‌వాడు దీన్ని ముందు పట్టుకున్నాడు. రైన్ లోయలో కోటలు కనిపించడానికే కట్టారన్నాడు. అక్కడి రైన్‌ఫెల్స్ కోటను 1245లో కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువు కట్టించింది నదిలో పోయే పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి. పడవవాడికి కోట కనిపించాలి, జేబు తడుముకోవాలి. ఇక్కడ పడవా లేదు, సుంకమూ లేదు. మరి రాజధానిని ఇలా దాచుకోవాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ కాకతీయుల ఓరుగల్లును పట్టుకున్నాడు. మట్టికోట, రాతికోట, ఏడు పదుల మంది నాయకుల కాపలా అన్నీ ఉన్న నగరం మైదానంలో ఉండి మునిగిపోయింది. తరవాత ముసునూరి కాపయనాయకుడు దాన్ని తిరిగి గెలిచాడు గానీ, 1347లో పుట్టిన బహమనీ రాజ్యం అతన్ని నిలవనివ్వలేదు. గోల్కొండను వాళ్లకు వదులుకోవాల్సి వచ్చింది. ఈ నలుగులాటలో ఆమనగల్లు నుంచి లేచినవాళ్లు రేచర్ల పద్మనాయకులు. 1361లో జల్లిపల్లి ముట్టడిలో వాళ్ల పెద్ద సింగమనాయకుడు కఠారి పోటుకు చనిపోయాడు. కొడుకులు అనపోతానాయకుడు, మాదానాయకుడు పగ తీర్చుకున్నారు. కొన్నేళ్లకు కాపయనూ యుద్ధంలో చంపారు. అప్పటికి చుట్టూ శత్రువులే, పడమర గోల్కొండలో బహమనీ దళం. ఓరుగల్లుకు ఏం జరిగిందో కళ్లారా చూసిన తరం వాళ్లది. అనపోతానాయకుడు రాచకొండకు మారాడు; తమ్ముడు దేవరకొండ పట్టుకున్నాడు. ఈ చోటును ఎంచింది అందం కాదు, భయం. మనం ఫోటోలు తీసుకునే లోయ వాళ్లకు దాగుడుచోటు.

దాక్కుంటే సరిపోదు, నీళ్లు కావాలి. గుట్టల మీద పడ్డ వాన లోయలోకే దిగుతుంది కాబట్టి కట్ట వేస్తే చాలు, చెరువు. అనపోతసముద్రం, నాగాంబిక తవ్వించిన నాగసముద్రం వంటివి ఈ వంశం వాళ్లవే. గోడల కన్నా కట్టల మీదే నాకు మోజు ఎక్కువ.

ఆ గుట్టల నీడలో పుస్తకాలూ పుట్టాయి. ఇక్కడి రాజు సర్వజ్ఞ సింగభూపాలుడి పేరున ఉన్న 'రసార్ణవసుధాకరం' నాటకం గురించీ రసాల గురించీ రాసిన సంస్కృత లక్షణగ్రంథం. విశ్వేశ్వరుడు 'చమత్కారచంద్రిక' ఈ ఆస్థానంలోనే రాశాడు. కూలిన ఆ గోడల మధ్య నిలబడి, ఇక్కడ ఎవరో శృంగారానికి ఎన్ని అవస్థలని లెక్కపెట్టారని చెబితే మావాళ్లు నమ్మలేదు.

ఈ వంశం పేరు వెనక 'వెలుగోటివారి వంశావళి' ఒక కథ చెబుతుంది. ఆమనగల్లు పొలంలో మర్రిచెట్టు కింద నిధి దొరికింది. బేతాళుడు నరబలి అడిగాడు. పాలేరు రేచడు, మాల కులస్థుడు, తానే మెడ చాచాడు, తన పేరు దొర వంశానికి నిలవాలన్న షరతుతో. అందుకే వాళ్లది రేచర్ల గోత్రం. ఎంత చరిత్రో ఎంత కల్పనో గానీ, రాజవంశం తన సిరి ఒక పాలేరు ప్రాణమని రాయించుకోవడం చిన్న విషయం కాదు. మిగతా వంశాలు నేరుగా సూర్యుడికో చంద్రుడికో పుడతాయి. అయితే రేచడి వైపువాళ్లు ఈ కథను ఎలా చెప్పుకునేవారో ఏ వంశావళీ రాయలేదు.

15వ శతాబ్దంలో రాచకొండ బహమనీల చేతికి పోయింది. ఈ వంశంలోని వెలుగోటివారు కాలక్రమంలో వెంకటగిరి సంస్థానాధీశులయ్యారు. గుట్టల్లో పొదలు పెరిగాయి. 2016లో పోలీస్ కమిషనరేట్‌కు ఈ పేరు పెట్టాక మా ఉప్పల్ వైపు పిల్లలకు రాచకొండంటే పోలీసు జీపే గుర్తొచ్చేది.

తిరుగు దారిలో కొండవీటి గొడవ మొదలైంది. రాచకొండకు, కొండవీటికి తరతరాల వైరం. ఇక్కడ అనపోతానాయకుడైతే అక్కడ అనవోతారెడ్డి. అద్దంకి నుంచి కొండవీటికి రాజధాని మార్చినవాడు ఆయనే. రాచకొండ వెలమ దొరలు కొండవీటివాళ్ల నందికంత పోతరాజు కఠారిని పట్టుకుపోతే, శ్రీనాథుడు వచ్చి పద్యం చదివి దాన్ని వెనక్కి తీసుకుపోయాడని చాటుకథ. ఒక కత్తి కోసం కవిని పంపిన రాజ్యం తనదని గుంటూరువాడి గర్వం. పద్యం విని కత్తి ఇచ్చేసిన రాజ్యం మాదని నేను.

"వచ్చే సంక్రాంతికి మా కొండవీడు రండిరా," అన్నాడు, సీతాఫలం గింజలు కిటికీలోంచి ఊస్తూ. "ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు. మీలాగా ముళ్లల్లో నడిపించం."

"వస్తం గానీ, మా కఠారి తిరిగియ్యాలె మరి."

"శ్రీనాథుడిచ్చిన రశీదుంటే పట్టుకురా," అన్నాడు వాడు.