సాసేజ్ తొడుగు, ఉద్దానం నీళ్లు

డయాలిసిస్ చరిత్ర ఒక వంటింటి సరుకుతో మొదలవుతుంది. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే ఊళ్లో విలెం కోల్ఫ్ అనే డాక్టర్ సాసేజ్‌లకు తొడిగే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకి చుట్టి, అందులోంచి రోగి రక్తాన్ని పారించాడు. డ్రమ్ము ఉప్పునీళ్ల తొట్టిలో తిరుగుతుంటే యూరియా బయటికి వచ్చేసేది, రక్తకణాలు లోపలే ఉండిపోయేవి. మొదటి రెండేళ్లూ దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక మహిళ బతికింది.

అయితే అది తాత్కాలికంగా మొరాయించిన కిడ్నీలకే పనికొచ్చింది. డయాలిసిస్ చేసిన ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాలి. అలా ఎన్నిసార్లని కోస్తారు? 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ ఓ టెఫ్లాన్ గొట్టాన్ని రోగి చేతికే ఉంచేశాడు. దానికి రక్తం తేలిగ్గా అంటుకోదు. ఏళ్ల తరబడి డయాలిసిస్ మీద బతకడం అప్పుడు సాధ్యమైంది. కానీ యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి అవకాశం ఇవ్వాలో తేల్చడానికి అక్కడ ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. సరైన పదార్థం దొరికింది, అందరికీ అందలేదు.

ఈ కథకి మన వైపు కొనసాగింపు ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు: కొబ్బరి, జీడితోటల నేల. ఇక్కడ షుగరూ బీపీ లేని రైతులకీ కూలీలకీ కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లు, పురుగుమందులు, ఎండలో పని, వంశపారంపర్యం... అనుమానాలు చాలా ఉన్నాయి, ఇదే కారణమని ఏదీ తేలలేదు. శ్రీలంకలోనూ, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది.

వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. నిమిషానికి అర లీటరు ద్రవం చొప్పున ఒక్క విడతకే 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. తాగే నీళ్లనే అనుమానించే ఊళ్లకి ఇదొక చేదు లెక్క. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకమూ ఒకేసారి ప్రారంభమయ్యాయంటే అది సరైన జోడింపే.

మరి కొత్త కిడ్నీనే పెంచేస్తే? 2006లో షిన్యా యమనాకా ఎలుక చర్మకణాలని మూలకణాల్లాంటి స్థితికి వెనక్కి తిప్పాడు. 2015లో ఆస్ట్రేలియాలో మినోరు తకసతో, మెలిస్సా లిటిల్ బృందం మనిషి మూలకణాల నుంచి బుల్లి కిడ్నీ కణజాలాన్ని పెంచింది. దాన్ని ఆర్గనాయిడ్ అంటారు. పరిమాణం కొన్ని మిల్లీమీటర్లు, దశ గర్భస్థ శిశువుది. అసలు కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. దీనికి సరైన రక్తప్రసరణ లేదు, మూత్రం పోయే దారీ లేదు.

అయినా ఉద్దానానికి ఇది ఇప్పుడే అక్కరకొచ్చే దారి ఒకటుంది. అవయవంగా కాదు, సాక్షిగా. ఏ పురుగుమందు, నీటిలోని ఏ పదార్థం కిడ్నీ కణాలని దెబ్బతీస్తోందో ఈ బుల్లి కణజాలం మీద పరీక్షించొచ్చు. తోటలో ఏళ్ల తరబడి సాగే జబ్బంతా గిన్నెలో కనపడకపోవచ్చు. కానీ పాత కిడ్నీని పాడుచేసిందేదో తెలియకుండా కొత్తది అమర్చి, మనిషిని అదే తోటకి, అదే ఎండకి, అదే బావికి పంపితే ఏం లాభం?