ఆర్గైల్ వీధిలో జాక్ మండీ పేరు

జాక్ మండీ సిడ్నీలోని రాక్స్ పేటలో పుట్టినవాడు కాదు. 1929లో క్వీన్స్‌లాండ్‌లోని మలాండాలో పుట్టి, రగ్బీ లీగ్ ఆడటానికి సిడ్నీ వచ్చి, కట్టడం పనుల్లో కూలీగా కుదిరాడు. కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1968లో భవన నిర్మాణ కూలీల సంఘం న్యూ సౌత్ వేల్స్ శాఖకు కార్యదర్శి అయ్యాడు. 2007లో ఆర్గైల్ వీధిలో ఒక ముక్కకు ఆయన పేరు పెట్టారు. పేటను కాపాడింది ఆయనొక్కడే అన్నట్టు రాసేవాళ్లు చాలామంది. అది సగం నిజమే.

1900లో ప్లేగు వచ్చినప్పుడు ప్రభుత్వం ఇక్కడి ఇళ్లూ రేవులూ స్వాధీనం చేసుకుంది. అప్పటినుంచి పేటవాసుల్లో ఎక్కువమంది సర్కారుకు అద్దె కట్టుకుని బతికినవాళ్లే. ఆ పాత ఇళ్లు కూల్చి ఆఫీసు టవర్లు లేపాలని సిడ్నీ కోవ్ పునరభివృద్ధి సంస్థ తలపెట్టింది. ఇల్లు ఖాళీ చేయమంటున్నది ఇంటి యజమానే, ఆ యజమాని ప్రభుత్వమే. ఇక మొర ఎవరితో పెట్టుకోవాలి? నీటా మెక్రే ముందుండి నడిపిన నివాసుల బృందం 1971లో కూలీల సంఘాన్ని ఆశ్రయించింది. స్థానికులు తామై అడిగితే తప్ప సంఘం ఎక్కడా పని నిషేధించేది కాదు. కాబట్టి మొదటి అడుగు పేటవాసులదే. అయితే కూల్చేందుకు కూలీలు చెయ్యి వేయకపోవడమే ఆ అడుగుకు బలం.

మొదటి నిషేధం ఎవరిదన్న తగువు ఇంకొకటి. 1971లోనే సిడ్నీలోని హంటర్స్ హిల్‌లో పదముగ్గురు స్త్రీలు కెల్లీస్ బుష్ అడవిని ఇలాగే నిలబెట్టుకున్నారు. మెల్బోర్న్‌లోని కార్ల్‌టన్ రైల్వే స్థలం విషయంలో సంఘం కేంద్ర నాయకుడు నార్మ్ గాలగర్ అంతకుముందే నిషేధం పెట్టాడని ఆ ఊరివాళ్లు అంటారు. అది కాదనలేనిదే. కానీ 1974 నాటికి నలభైకి పైగా నిషేధాలతో దాన్ని ఒక విధానంగా మార్చింది సిడ్నీ శాఖే.

ఊరు ఎలా ఉండాలో తేల్చే హక్కు కూలీలకు ఎవరిచ్చారని రాష్ట్రంలోని రాబర్ట్ ఆస్కిన్ ప్రభుత్వం, బిల్డర్లు మండిపడ్డారు. ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. అయితే నివాసులను సంప్రదించే బాధ్యత చట్టమే మరిచిన రోజులవి. 1973 అక్టోబరులో సంఘేతర కూలీలతో కూల్చివేత మొదలుపెట్టించినప్పుడు, ప్లేఫేర్ వీధిలో అడ్డం కూర్చున్న మండీని పోలీసులు మోసుకుపోయారు.

పదవీకాలానికి హద్దుండాలన్నది ఆయన పెట్టిన నియమమే. దాని ప్రకారం 1973లో కార్యదర్శి పదవి జో ఓవెన్స్‌కు వదిలాడు. తర్వాతి దెబ్బ సొంత సంఘం నుంచే వచ్చింది. గాలగర్ నడిపిన కేంద్ర నాయకత్వం 1975కల్లా రాష్ట్ర శాఖను లాక్కుని మండీని, ఓవెన్స్‌ను, శాఖ అధ్యక్షుడు బాబ్ ప్రింగిల్‌ను బహిష్కరించింది. గాలగర్‌కు ఎన్ని సాకులున్నా ఈ పేట మాత్రం దాన్ని ద్రోహంగానే లెక్కిస్తుంది. తర్వాత గాలగర్ బిల్డర్ల దగ్గర ముడుపులు తీసుకున్నందుకు జైలుకు వెళ్లాడు.

అయినా ఆ పోరాటం వృథా పోలేదు. 1977లో రాష్ట్రానికి వారసత్వ చట్టం వచ్చింది. పేటవాసుల కోసమే 79 ఫ్లాట్ల సిరియస్ భవనం కట్టారు. దాన్ని అమ్మబోయినప్పుడు ఎనభై ఏళ్లు దాటిన మండీ నిరసనకారుల పక్షాన నిలిచాడు. నిర్మాణ కార్మికుల సంఘం మళ్లీ నిషేధం పెట్టింది. అయినా 2019లో ప్రభుత్వం సిరియస్‌ను 15 కోట్ల డాలర్లకు అమ్మేసింది. మరుసటి ఏడు మే నెలలో మండీ చనిపోయాడు.