పడవా, తెప్పా?

ఐర్లండు దక్షిణ తీరమునకు దాపున దీపస్తంభమును మోయుచు నిలిచియున్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టి, ఆ కాలమున తిరిగి ప్లిమత్ రేవు చేరుచుండిన తెరచాపల పందెము 1925లో ఏడు పడవలతో ఆరంభమైనది. నాటి విజేతయగు జోలీ బ్రీజ్ విహారార్థము నిర్మింపబడినది కాదు. ఓడలకు దారిచూపు పైలట్లను ఎట్టి వాతావరణమునందైనను సముద్రములోనికి కొనిపోవుటకై ఫ్రెంచివారు కట్టుకొన్న దిట్టమైన పడవ. అర్ధశతాబ్ది గడచునప్పటికి తేలికయు వేగమునుగల పడవలు వచ్చినవి. వానితోపాటు సెలవుదినములలో మాత్రమే సముద్రమెరిగిన ఔత్సాహికులును పెక్కుమంది పందెమునకు వచ్చిరి.

1979 ఆగస్టు 11వ తేదీన ఈ పందెమునకై కౌస్ రేవు నుండి 303 పడవలు బయలుదేరినవి. పందెపుదూరము 605 నాటికల్ మైళ్లు. ఆనాటి వాతావరణ సూచనలలో భయపడవలసినదేదియు లేదు. 13వ తేదీ రాత్రి అల్పపీడన మనూహ్యవేగముతో బలపడి పడవలనడుమకు వచ్చిపడినది. హెచ్చరిక ఆలస్యముగా వచ్చెను. పెక్కు పడవలలో వార్త వినుటకు రేడియో కలదుగాని, తమ దురవస్థను తెలుపుటకు సాధనము లేదు. నలువది అడుగుల అలలు ప్రక్కనుండి కొట్టగా పడవలు బోర్లపడి మరల నిటారుగా లేచినవి. కొన్నింటి తెరచాపకొయ్యలు విరిగినవి. పందెమును పూర్తిచేసినవి 85 మాత్రమే. ఐదు పడవలు మునిగినవి. 15 మంది నావికులు మరణించిరి.

ఇరువదినాలుగు పడవలను వానిలోని వారే విడిచి వెడలిరి. పిమ్మట రాయల్ యాటింగ్ అసోసియేషన్, రాయల్ ఓషన్ రేసింగ్ క్లబ్ జరిపించిన విచారణలో తేలినదేమనగా, గాలితో ఉబ్బు రబ్బరు తెప్పల నాశ్రయించు ప్రయత్నమున ఏడుగురు ప్రాణములు కోల్పోయిరి. వారు విడిచిన పడవలు మాత్రము పిదప నీటిపై తేలుచు దొరకినవి, రేవులకు లాగబడినవి!

గ్రిమాల్కిన్ అను ముప్పదియడుగుల పడవ కథ ఇంకను దారుణము. ఆ పడవ తలక్రిందులై లేచినపుడు నాయకుడు సముద్రమున కొట్టుకొనిపోయెను. స్పృహతప్పిన ఇద్దరు సహచరులు మరణించిరని తలచి, మిగిలిన ముగ్గురు తెప్పనెక్కి వెడలిరి; హెలికాప్టరు వారిని రక్షించెను. వారిని నిందించుటకు ఒడ్డున కూర్చున్న మనమెవరము? ఆ ఇద్దరిలో నొకడు స్పృహవచ్చి చూచుకొనగా, తాను ధరించిన రక్షణపట్టీ త్రాటితో పడవకు వ్రేలాడుచు నీటిలోనుండెను. అతడు పైకెక్కి, తోడివానిని లోనికి లాగెను. ఆ తోడివాడు కొంతసేపటికి మరణించెను. పిమ్మట అతడొక్కడే బొక్కెనతో నీరు తోడుచు, సాయంకాలము హెలికాప్టరు వచ్చువరకు నిలిచెను. గ్రిమాల్కిన్ మునుగలేదు.

అతనిని నిలిపిన పట్టీవంటివే వేరుచోట్ల తెగి, కొక్కెములూడి మరికొందరిని సముద్రమునకొప్పగించినవి. విచారణసంఘమువారు పట్టీలను, వాని బిగింపులను నిర్మొహమాటముగా విమర్శించిరి. తుపానులో పడవను నడుపుట యెట్లను విషయమున మాత్రము వారు ఒక్క ఉపాయమునే శ్రేష్ఠమని తీర్మానింపలేదు. తెరచాపలు దించి పడవను అలల దయకు వదలివేసిన వారికంటె, కొంతవేగమును నిలుపుకొని చుక్కానిని చేతిలో నుంచుకొన్నవారే మెరుగుగా తప్పించుకొనిరని మాత్రము చెప్పిరి. నావలు వేరు, మనుష్యులు వేరు, అలలును వేరైనచోట ఇంతకుమించి చెప్పకుండుటయే వారి వివేకమని నాకు తోచును.

ఆపై పందెమునకు వచ్చు పడవల సంఖ్యకు పరిమితి విధించిరి. పంపుటకును వినుటకును వీలగు రేడియోలను తప్పనిసరి చేసిరి. తుపానులో కట్టుకొనదగిన గట్టి చిన్న తెరచాపయు పడవలోనుండవలెనని నియమించిరి. పందెమున చేరగోరువారు అంతకుముందే సముద్రమున తగిన అనుభవమును పొందినట్లు నిరూపింపవలెననునదియు నిబంధనలలో చేరినది. రేవులో వస్తువులను లెక్కించి సరిచూచుట నియమాధికారికి సులభము. ఈ నాలుగవదానిని సరిచూచుట మాత్రము అంత తేలిక కాదు.