ద్రాక్షారామం వీణ

మద్రాసు జెమిని స్టూడియోలో సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు దగ్గర సహాయకుడిగా చేరిన యువకుడు ఈమని శంకరశాస్త్రి. 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఆ ఊరు అందులో చేరింది. తండ్రి అచ్యుతరామశాస్త్రి వీణ విద్వాంసులు. ఇంట్లో విన్న వీణ వేరు, స్టూడియోలో పలకాల్సిన వీణ వేరు.

వీణది మెత్తని గొంతు. పక్కన పది వయొలిన్లు లేస్తే మునిగిపోతుంది. పైగా దాని అందమంతా మీటిన తర్వాతే ఉంటుంది. మైనంలో పొదిగిన 24 మెట్లలో ఒకదాని మీద తీగను పక్కకు లాగితే, ఒక్క మీటుకే మూడు నాలుగు స్వరాలు సాగుతాయి. వాయించే తీగలు నాలుగు. మిగిలిన మూడింటి మీద చిటికెన వేలు తాళం వేస్తుంది. ఆ నాదం సన్నగిల్లేదాకా ఆగి వినాలి. సినిమా పాటకు అంత తీరిక ఎక్కడిది?

శాస్త్రిగారు స్టూడియో వదిలారు. కచేరీ వేదిక మీద వీణ ముందు ఒక్కరే కూర్చున్నారు. ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో వాద్యబృందాన్ని నడిపారు. పాటకు వెనక నిలబడే బృందం కాదది. వాద్యాలే ముందుండి పలికే బృందం. దానికోసం ఆయన కూర్చిన రచనల్లో 'ఆదర్శ శిఖరారోహణం' పేరు పొందింది.

ఆ దారిలోనే ఆయన శిష్యుడు చిట్టిబాబు నడిచారు. 1936లో కాకినాడలో పుట్టి, 1949 నాటి 'లైలా మజ్ను'లో బాలనటుడిగా కనిపించి, సినిమా వాద్యబృందాల్లో ఏళ్ల తరబడి వీణ వాయించారు. తర్వాత ఆ పని మానేసి కచేరీలకే అంకితమయ్యారు.

వాళ్లకు కాలం కూడా కలిసొచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేవి. ఆలాపన మొదలయ్యేలోపే ముల్లు చివరికి చేరేది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టేవి. రాగం విచ్చుకోవడానికి చోటు దొరికింది. చిట్టిబాబు ఎల్పీల అట్ట మీద వీణతో పాటు ఆయన బొమ్మ, పేరు. లోపల ఆయన వాయిద్యమే.

ఆయన సొంత కల్పనల్లో 'కొమ్మలో కోయిల'ను జనం పదే పదే అడిగి వాయించుకున్నారు. గాయకుడు లేడు, మాట లేదు. మెట్టు మీద తీగ వంగుతుంది, కోయిల కూస్తుంది.