గ్రంథవిశ్వాసమునకు రెండు మార్గములు

తెలుగు క్రైస్తవుడు హిందూధర్మగ్రంథములను విడిచి బైబిలునే పరమప్రమాణముగా నేల గైకొనెనను ప్రశ్నకు ఒకే సమాధానము చెప్పుట చరిత్రకు సమ్మతము కాదు.

పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణవంశజుడు, కవి. 1833లో బాప్తిస్మము పొందెను. తన కులమున పరంపరగా వచ్చిన విద్యను, కొత్తగా లభించిన గ్రంథమును సరిపోల్చి చూచుకొను అవకాశము ఆయనకు గలదు. ఆయన విశ్వాసమును ఎన్నికయనుట యుక్తము.

డోర్నకల్లునుండి భద్రాచలము రోడ్డునకు పోవు రైలుమార్గమునగల కారేపల్లి ప్రాంతపు కథ వేరు. 1912లో డోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్య కాలమున క్రైస్తవమున చేరినవారిలో అధికులు మాలమాదిగలు. వేదాధ్యయనము వారికి నిషిద్ధము; ఆలయప్రవేశము లేదు. చదువనీయని గ్రంథమును త్రోసిపుచ్చిరనుట ఎట్లు పొసగును? వారికి గ్రామదేవతలు గలరు, రామకథ కలదు, పూర్వవిశ్వాసము లేదనరాదు. కాని ‘ఇది మీది, కంఠస్థము చేయుడు’ అని వారి చేతికిచ్చిన శాస్త్రగ్రంథము బైబిలొక్కటే. అక్షరము రానివారును ప్రభుప్రార్థనను, దశాజ్ఞలను వల్లించి బాప్తిస్మమునకు సిద్ధపడిరి.

ఈ రెండు మార్గములు కలిసినచోటు కీర్తన. చౌదరి కీర్తనలు రాగతాళములతో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటమున చేరి పల్లెలకు ప్రాకెను. రామదాసు భద్రాద్రిలో భక్తికి వాహనముగా జేసికొన్న ప్రక్రియయే ఇచట క్రొత్త గ్రంథమునకును వాహనమయ్యెను.

గ్రంథముల సత్యాసత్యములను నిర్ణయించుట వేదాంతుల పని. ఏ గ్రంథము ఎవరికి అందెను, ఎవరికి అందనీయబడలేదు అని విచారించుట చరిత్రకారుని విధి. రెండవదానిని మరచి మొదటిదానికే వాదించినచో, పరిశోధన మతవివాదముగా పరిణమించును.